మూలకణ చికిత్స: హలాల్ హరామ్ విచారణ, వైద్య నిరూపణ

క్యాన్సర్ సోకిందని తెలిసిన కుటుంబం కర్నూలులోనైతే సాధారణంగా హైదరాబాదు వైపు చూస్తుంది. కడపవారైతే రేణిగుంట, కాట్పాడి మీదుగా వేలూరు పోతారు. వానకు ఎదురుచూసే మెట్టభూమిని తాకట్టు పెట్టి, ఆడవాళ్ల మెడలోని బంగారాన్ని అమ్మి పోయేవారు అనేకులు. అక్కడో, దారిలో ఎవరి నోటనో, ‘మూలకణ చికిత్స’ అనే మాట వారి చెవిన పడుతుంది. దీనుదార్లయిన కుటుంబాలలో వెంటనే పుట్టే ప్రశ్న ఒకటే: ఇది హలాలా, హరామా? ప్రశ్న సమంజసమైనదే. కాని దాని వెంటనే అడగవలసిన మరొక ప్రశ్నను చాలామంది అడగరు: ఈ చికిత్స ఈ జబ్బుకు పనిచేస్తుందని రుజువైనదా?

ఎముకల లోపలి మూలుగలో రక్తాన్ని తయారుచేసే కణాలు ఉన్నాయి. ఇవి తమవంటి కణాలను పుట్టించుకుంటూనే ఎర్రకణాలుగాను, తెల్లకణాలుగాను మారగలవు. వీటినే రక్త మూలకణాలంటారు. కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో తీవ్రమైన మందులతో, కొందరికి రేడియేషన్‌తో కూడా, రోగి మూలుగను నిర్మూలించి, సరిపోయిన దాత మూలకణాలను నరం ద్వారా ఎక్కిస్తారు. మార్పిడి అనగానే జనం కత్తులను ఊహించుకుంటారు గాని, రోగికి ఇది రక్తం ఎక్కించినట్లే జరుగుతుంది. ఒకే తల్లిదండ్రుల బిడ్డలలో ఒకరిది మరొకరికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. దాత మూలుగ కొన్ని వారాలలో తిరిగి నిండుతుంది. ఈ విద్యకు మార్గం వేసిన డోనల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1983లోను, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లోను ఇది ఆరంభమైనది.

తోబుట్టువు కాని స్త్రీ కణాలు పురుషునికి ఎక్కిస్తే పాలసంబంధం వలె నికాహ్ నిషిద్ధమవుతుందా అనే సందేహం కొందరికి ఉన్నది. మక్కాలోని రాబితా ఫిఖహ్ మండలి 1989లో రక్తం విషయమై దీనిని పరిశీలించి, రక్తం ఎక్కించడం వల్ల రజాఅత్ సంబంధం ఏర్పడదని తీర్మానించింది. మూలకణాలు ఎక్కేది కూడా రక్తం వలె నరం ద్వారానే గనుక ఈ తీర్మానం ఇక్కడ దారి చూపుతుంది.

అదే మండలి 2003 డిసెంబరులో మూలకణాలపైనే తీర్పు చెప్పింది. పెద్దలు సమ్మతించి, వారికి హాని లేకుండా ఇచ్చినవి, సంరక్షకుల అనుమతితో పిల్లల నుంచి తీసినవి, మాయ నుంచి, బొడ్డుతాడు రక్తం నుంచి లభించినవి, తానుగా జారిపోయిన పిండం నుంచి తీసినవి ధర్మసమ్మతమే. భార్యాభర్తల సంతాన చికిత్సలో మిగిలిపోయిన పిండాలను వారు ఇచ్చినా అభ్యంతరం లేదు. కణాల కోసం వైద్య కారణం లేకుండా గర్భస్రావం చేయించడం, పరాయి అండ వీర్యాలతో పిండం తయారుచేయడం, చికిత్సార్థమైనా క్లోనింగ్ చేయడం నిషిద్ధం. అంటే మూలకణమనే వస్తువులో దోషం లేదు, దానిని సంపాదించే మార్గంలోనే ఉండవచ్చు.

ఇక రుజువు సంగతి. 1990లలో పాశ్చాత్య దేశాలలో రొమ్ము క్యాన్సర్ స్త్రీలు వేలాదిమందికి తీవ్రమైన మందులిచ్చి, వారి మూలకణాలనే తిరిగి ఎక్కించారు. మంచి మనసుతోనే చేశారు, ముందు రుజువు చూడలేదు. 1999లో వెలువడిన పరిశోధన ఫలితాలలో అధిక భాగం సాధారణ చికిత్సకంటే మేలేమీ లేదని తేల్చాయి. మేలున్నదని చెప్పిన దక్షిణాఫ్రికా పరిశోధన లెక్కలు కల్పితమని 2000లో బయటపడింది. ఆ స్త్రీలు అనుభవించిన బాధ వృథా అయినది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు జరిగే మార్పిడి తప్ప మిగిలిన మూలకణ చికిత్సలేవీ ఆమోదిత పరిశోధన వెలుపల చేయరాదు.

స్త్రీల వ్యాధులు ఈ రెండవ కోవలోనివే. గర్భసంచికి క్షయ సోకడం వల్లనో, పదేపదే గీకి శుభ్రం చేయడం వల్లనో లోపలి పొర మచ్చకట్టి గర్భం నిలవకపోవడం మన ప్రాంతంలోనూ ఉన్నది. అహమ్మదాబాదు వైద్యులు ఇటువంటి ఒక స్త్రీకి ఆమె మూలుగ కణాలనే వాడగా గర్భం నిలిచినట్లు 2011లో ప్రకటించారు. స్పెయిన్‌లో 2016లో వెలువడిన పరిశోధన ఇరవై మందికి లోపు స్త్రీలపై జరిగింది. ఇవి ఆశకు తావిచ్చేవే గాని రుజువు కాదు. సంతానం లేదని అత్తింట మాట పడుతున్న కోడలికి ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పరు. మరొక సంగతి ఉన్నది. క్యాన్సర్‌కు మార్పిడి చేసేముందు ఇచ్చే తీవ్రమైన మందులు అండాశయాలను దెబ్బతీయగలవు. కాబట్టి వివాహిత విషయంలో, చికిత్సకు ముందే అండాలను భద్రపరచే వీలున్నదా అని డాక్టరును అడగాలి. నికాహ్ నిలిచి ఉండగా, భర్త వీర్యంతో మాత్రమే వాటిని వాడడం అనేక ఉలమాల దృష్టిలో ధర్మసమ్మతం.

వైద్యం తెలిసినవాడని పేరు లేకుండా చికిత్స చేసినవాడు నష్టానికి ‘జామిన్’ అని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు అబూదావూద్ సంపుటిలో హదీసు ఉన్నది. మన వాడుకలోని జామీను అనే మాట ఇదే. ఇబ్నుల్ ఖయ్యిమ్ తమ జాదుల్ మఆద్‌లో దీనిని వివరిస్తూ, చేసేవానికి ఆ విద్య రాదని తెలిసే రోగి అనుమతించడం వేరు, వైద్యుడని నమ్మి అనుమతించడం వేరు అని విడదీశారు. ప్రయోగమని చెప్పకుండా చికిత్స అని నమ్మించి చేయించుకున్న సంతకం రెండవ కోవలోకి రాదా? నిజమైన పరిశోధన అయితే దేశపు క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో దానికొక సంఖ్య ఉంటుంది, పరిశోధనలో ఉన్న చికిత్సకు రోగి వద్ద రుసుము తీసుకోకూడదు. భూమి తాకట్టు పెట్టేముందు ఆ సంఖ్య అడిగి రాసుకొని, కర్నూలు, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో ఏ డాక్టరుకైనా చూపించి అడగవచ్చు.