అడ్డుపుల్ల మంచిదే

"వాడు ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తాడు" అని తెలుగులో తిడతాం. మా నాయనది తెలుగు, అమ్మది తమిళం. అందుకని మా ఇంట్లో ఇదే తిట్టు "ముట్టుకట్టై పోడాదే" అని కూడా వినిపిస్తుంది. రెండు భాషలూ ఒకే మాట అంటున్నాయి: కదిలేదాన్ని ఆపే కట్టె చెడ్డది. కానీ తమిళంలో ముట్టుకట్టై అంటే తేరు చక్రం కింద వేసే కట్టె కూడా. ఆ కట్టె లేకపోతే తేరు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. తిట్టుగా మారిన ఈ కట్టె ఎంతమంది కాళ్ళను, ప్రాణాలను కాపాడుతోందో చెప్పాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. తేరు సంగతి తర్వాత చెబుతాను. ముందు మన ఊళ్ళల్లో రోజూ కనిపించే ట్రాక్టరు ట్రాలీ సంగతి చూద్దాం.

తెలుగు శాఖ గోడపత్రికలో ట్రాలీ ఏమిటని అడుగుతారేమో. మా తరగతిలో చాలామందిమి హోసూరు చుట్టుపక్కల పల్లెల నుంచే వస్తాం. మా ఇళ్ళల్లో బండి నడిపేది మగవాళ్ళు. చక్రం కింద రాయి పెట్టమని కేక వేసేది మాత్రం ఆడవాళ్ళను, పిల్లలను. "ఏయ్ పాపా, రాయి పెట్టు!" అనే కేక వినని అమ్మాయి మాలో తక్కువ. అంటే ఆ బండి దగ్గర అన్నింటికంటే ప్రమాదమైన చోట నిలబడేది మనమే. అక్కడ ఏం జరుగుతుందో మనకు తెలిసి ఉండాలి కదా.

పిన్ను తీసిన తర్వాత

ట్రాక్టరుకు బ్రేకు ఉంది, గేరు ఉంది. మన ఊళ్ళల్లో తిరిగే ట్రాలీల్లో ఎక్కువ వాటికి సొంత బ్రేకు ఉండదు. ట్రాక్టరు ఆగితే అదీ ఆగుతుంది, అంతే. పిన్ను లాగేసి ట్రాక్టరును పక్కకు తీశామంటే ఆ క్షణం నుంచి ట్రాలీ చక్రాలున్న ఒక ఇనప పెట్టె మాత్రమే. దాన్ని పట్టి ఉంచేది నేల ఒక్కటే.

నేల ఎంతవరకు పట్టి ఉంచుతుంది? ఈ లెక్క మన కాలేజీలోనే భౌతికశాస్త్రం చదివే స్నేహితురాలితో వేయించాను. సరుకుతో కలిపి 4 టన్నుల ట్రాలీ అనుకుందాం. రోడ్డు 20 అడుగుల దూరానికి 1 అడుగు దిగుతోంది అనుకుందాం. చూడ్డానికి అది వాలు అనిపించదు కూడా. అయినా ఆ ట్రాలీని కిందికి లాగే బలం 4000 కిలోల్లో ఇరవయ్యో వంతు, అంటే 200 కిలోల బరువంత. గట్టి తారురోడ్డు మీద గాలి నిండా ఉన్న టైరు తనంతట తాను దొర్లకుండా నిలిచే శక్తి మొత్తం బరువులో సుమారు నూరో వంతే, అంటే 40 కిలోలు. మిగిలిన 160 కిలోలను ఎవరో ఒకరు ఆపాలి. "నేను పట్టుకుంటాలే" అని ట్రాలీకి వీపు ఆనించే మామలు, అన్నలు ఈ లెక్క ఒకసారి చూడాలి.

పొలంలో కదలకుండా నిలబడిన ట్రాలీ రోడ్డెక్కాక ఎందుకు కదులుతుందో కూడా దీనితో అర్థమవుతుంది. మెత్తటి మట్టిలో టైరు కొంచెం దిగబడుతుంది, ఆ గుంతే దానికి అడ్డు. తారు మీద ఆ గుంత ఉండదు. ఇటుకలు దించేటప్పుడు, మూటలు విసిరేటప్పుడు ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది. అంతవరకు ఎలాగో నిలబడినది ఆ ఊపుకు బయలుదేరుతుంది.

కట్టె ఎలా ఆపుతుంది?

చక్రం కింద పెట్టే అడ్డును డ్రైవర్లు వీల్ చాక్ అంటారు, మన పల్లెలో కట్టె అంటారు. మంచి కట్టె ముక్కోణపు ఆకారంలో, ఏటవాలుగా ఉంటుంది. చక్రం దొర్లబోయి ఆ వాలు మీదికి ఎక్కాలని చూస్తుంది. ఎక్కే కొద్దీ బండి బరువే కట్టెను నేలకు అదుముతుంది. నేలకు అదిమిన కట్టె జారదు. బండి తన బరువుతో తననే ఆపుకుంటుందన్నమాట. ఇందులో మన బలం పైసా కూడా లేదు.

ఎత్తు కూడా ముఖ్యమే. చక్రం ఎత్తులో నాలుగో వంతు ఉండాలనేది పనివాళ్ళు పాటించే లెక్క. సుమారు 3 అడుగుల చక్రానికి 9 అంగుళాలు. నిలువుగా ఉన్న 2 అంగుళాల రాయిని ఆ చక్రం ఎక్కి దాటాలంటే, దాని మీద ఉన్న బరువులో సగమంత బలంతో తోస్తే చాలు. అదే 9 అంగుళాల అడ్డు అయితే బరువుకు ఒకటి ముప్పావు రెట్ల బలం కావాలి.

సగం బరువంత బలం కూడా తక్కువేమీ కాదు కదా, చిన్న రాయి చాలదా అని మీరు అడగవచ్చు. నిలబడిన బండికి చాలా సార్లు అది చాలుతుంది, అందుకే మనవాళ్ళకు దాని మీద అంత నమ్మకం. కానీ టైరుకూ రాయికీ మధ్య జానెడు సందు ఉందనుకోండి. ఆ జానెడు దూరంలో ట్రాలీ వేగం అందుకుంటుంది. వేగంతో వచ్చే చక్రం చిన్న రాయిని దాటేస్తుంది, లేదా పక్కకు తన్నేస్తుంది. కాబట్టి ఏది పెట్టినా టైరుకు ఆనుకునేటట్టు, సందు లేకుండా పెట్టాలి.

రాయిలో ఇంకా కొన్ని లోపాలున్నాయి. గుండ్రంగా ఉంటే దొర్లుతుంది, మొనదేలి ఉంటే టైరును కోస్తుంది, నున్నగా ఉంటే వాన పడ్డ రోజు జారుతుంది. గట్టి చెక్క, అడుగున పాత టైరు ముక్క కొట్టినది, ఉంటే రాయి అవసరమే రాదు.

ఒక చక్రానికా, రెండింటికా?

ఇక్కడ తేరు సంగతి చెప్పాలి. చంద్రచూడేశ్వరస్వామి తేరును మనలో చాలామంది చూసే ఉంటారు. తాడు లాగేవాళ్ళు ఎందరో ఉంటారు, చక్రాల దగ్గర కట్టెలు వేసేవాళ్ళు మాత్రం కొందరే. తేరుకు స్టీరింగు లేదు. కుడి చక్రానికి కట్టె తగిలితే అటువైపు ఆగుతుంది, ఎడమవైపు ముందుకు వస్తుంది, తేరు కుడికి తిరుగుతుంది. సుమారు 96 అడుగుల ఎత్తు, 300 టన్నుల బరువు ఉండే తిరువారూరు పెద్దతేరుకు తిరుచ్చి బీహెచ్ఈఎల్ వాళ్ళు హైడ్రాలిక్ బ్రేకులు అమర్చారు. అంత పెద్ద తేరుకు కూడా కట్టెల పని తీరిపోలేదు.

తేరుకు మేలు చేసే ఈ సంగతే ట్రాలీకి కీడు చేస్తుంది. ఒక్క చక్రానికే కట్టె పెడితే ట్రాలీ ఆ చక్రం చుట్టూ తిరగవచ్చు. అందుకని రెండు పక్కలా పెట్టాలి. వాలు ఉంటే రెండు చక్రాలకూ దిగువ వైపు, చదునుగా ఉంటే ముందూ వెనకా.

కొన్ని దేశాల్లో కారు వెనక తగిలించుకుని ఇల్లులాంటి ట్రెయిలర్లో ప్రయాణాలు చేస్తారు. ఊరి బయట కారును విప్పేసి రాత్రి అందులోనే పడుకుంటారు. వాళ్ళకూ ఇదే సూత్రం. ఒకే పక్క రెండు చక్రాలు దగ్గర దగ్గరగా ఉన్న ట్రెయిలర్లకు వాటి మధ్యలో బిగించే అడ్డు కూడా ఉంది. లోపల నడిస్తే ఊగకుండా అది ఆపుతుంది. కానీ కింది కట్టెలు తీసేసి అదొక్కటే పెట్టుకోరాదు. మూలల్లో దించే స్టాండ్లు కూడా ఊపును తగ్గించడానికే, దొర్లడాన్ని ఆపడానికి కాదు. విమానం కూడా వచ్చి నిలబడగానే దాని చక్రాలకు కట్టెలు పెడతారు. అది బయలుదేరిన సమయం, చేరిన సమయం లెక్కపెట్టేటప్పుడు ఆ కట్టెలు తీసిన వేళ, పెట్టిన వేళ చూస్తారు. మనం తిట్టుకు వాడే వస్తువుకు అక్కడ అంత గౌరవం!

ముందు కట్టె, తర్వాత పిన్ను

పని వరుస ఒకటే. విప్పేటప్పుడు ముందు కట్టె, తర్వాత స్టాండు, చివర పిన్ను. తగిలించేటప్పుడు ముందు పిన్ను, తర్వాత స్టాండు ఎత్తడం, చివర కట్టె. ఈ వరుస తప్పితే స్టాండు మీద నిలబడిన ట్రాలీ ఒక్క అడుగు కదిలినా స్టాండు ఒరిగిపోతుంది, ట్రాలీ మూతి కింద పడుతుంది. మా వీధిలో ఒకాయన పాదం అలాగే నలిగింది. ఆయన ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఆ రోజు ట్రాలీలో సరుకు కూడా లేదు. రెండు చక్రాల ట్రాలీ అయితే ఇంకో సంగతి ఉంది. సరుకు ముందు వైపు నుంచి దించితే మూతి గాల్లోకి లేస్తుంది. దానికి చక్రం కట్టె చాలదు, వెనక కూడా ఆనిక పెట్టాలి.

ఇక కట్టె పెట్టే మనిషి సంగతి. ఇది మనకోసమే.

కదులుతున్న చక్రం కింద ఎవరు చెప్పినా రాయి పెట్టకూడదు. నాయన చెప్పినా సరే, "ముందు ఆపు నాయనా" అనాలి. బండి పూర్తిగా ఆగి, డ్రైవరు బ్రేకు తొక్కి పట్టాక చక్రానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి పెట్టాలి. రెండు బండ్ల మధ్యలోకి పోకూడదు. తీసేటప్పుడు కట్టె బిగుసుకుపోయిందంటే బండి దాని మీద ఆని ఉందని అర్థం. కాలితో తన్నకూడదు, సుత్తితో కొట్టకూడదు. ట్రాక్టరు తగిలించి, కొంచెం ఎగువకు జరిపించి, కట్టెకు కట్టిన తాడుతో దూరం నుంచి లాగాలి.

తాడు అన్నాను కదా, దానికి ఇంకో ఉపయోగం ఉంది. బెంగళూరు నుంచి సేలం పోయే జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటులో ప్రమాదాల వార్తలు అందరం చదువుతాం. అలాంటి రోడ్ల మీద చెడిపోయిన లారీకి రాయి పెడతారు, బాగయ్యాక రాయిని అక్కడే వదిలి పోతారు. రాత్రి వెనక వచ్చే స్కూటరుకు ఆ రాయి కనిపించదు. లారీని కాపాడిన రాయే ఇంకొకరి ప్రాణం తీయగలదు. తాడుతో బండికి కట్టి ఉన్న కట్టె రోడ్డు మీద మిగిలిపోదు.

ఇప్పుడు మా ట్రాలీకి రెండు వేపకట్టెలు గొలుసుతో వేలాడుతున్నాయి. పాత దూలం ముక్క నుంచి కోయించాం, కోతకూలి తప్ప వేరే ఖర్చు లేదు. మీ ఇంట్లో ట్రాలీ ఉన్నా, మినీ లారీ ఉన్నా, టిఫిన్ బండి ఉన్నా ఈ వారం ఊరికి పోయినప్పుడు ఒకసారి చక్రాల దగ్గర చూడండి. రాయి ఉంటే దాని చోట కట్టె పెట్టించండి. ఏమీ లేకపోతే, మీరే అడ్డుపుల్ల వేయండి.