అమ్మ ఒడియు, కారు సీటును

ఇంట పసిబిడ్డ పుట్టినప్పుడు ఆ బిడ్డను ఎట్లు ఎత్తుకొనవలెను, ఎక్కడ పరుండబెట్టవలెను, ఎన్నవ నెలలో ఊరు దాటింపవలెను అని నిర్ణయించువారు ఇంటి పెద్దలే. కావున నేటి నా ప్రసంగము ముఖ్యముగా పెద్దలను ఉద్దేశించినది. విషయము పసిపిల్లల తోపుడు బండ్లు, కారు సీట్లు. వానిని చేయుటలో పేరువడసిన గ్రాకో అను అమెరికా సంస్థ చరిత్రము. ముప్పదేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితునకు ఈ బండ్ల గొడవ యేల యని మీరడుగవచ్చును. దానికి కారణమున్నది. మొదట దానినే మనవి చేసెదను.

తొలికానుపు పుట్టింట జరుగుట మన యాచారము. ఇప్పుడు చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పల్లెలలో సైతము, బిడ్డలు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న యిండ్లు అనేకములు. కూతురు పుట్టింటికి రాలేదు గనుక పుట్టిల్లే కూతురి వద్దకు పోవుచున్నది. మేమును అట్లే పోయితిమి. వాముపొడి, శొంఠిపొడి, నలుగుపిండి, మెత్తని పాతచీరల ముక్కలు మా యింటియామె మూటగట్టుకొని వచ్చినది. మనుమడు పుట్టెను. మూడవనాడు ఆసుపత్రినుండి ఇంటికి బయలుదేరునప్పుడు నర్సు వచ్చి, కారు సీటు తెచ్చినారా యని యడిగెను. మా యింటియామె బిడ్డను పాతచీరలో పొదివికొని, "నా ఒడి ఉండగా సీటెందుకమ్మా?" అనెను. నర్సు నవ్వినది గాని ఒప్పుకొనలేదు. అల్లుడు ముందే కొనియుంచిన సీటులో బిడ్డను పెట్టి, పట్టీలు బిగించి, కారు వెనుక భాగమున, బిడ్డ మొగము వెనుకవైపునకు ఉండునట్లు అమర్చిరి. ఇల్లు చేరువరకు ఆమె బిడ్డ పిడికిటిలో తన వ్రేలు పెట్టి మాటలాడక కూర్చుండెను. ఆ రాత్రి నాతో, "ముగ్గురిని పెంచినదాన్ని. బిడ్డను పట్టుకునేది నాకు రాదంటారా?" అని కంటనీరు పెట్టుకొనెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద అప్పుడు సమాధానము లేకపోయెను. పిమ్మట చదివియు, తెలిసినవారిని అడిగియు గ్రహించినదే నేడు మీకు వినిపించుచున్నాను.

బిడ్డను మోయు సాధనములు మనకు క్రొత్తవి కావు. చీర ఊయెల, కొయ్య తొట్టి, నడక నేర్చునప్పుడు మూడు చక్రముల బండి, అన్నిటికిని మించి తల్లి చంక మనకున్నవి. తిరుమల కొండకు 1944లో ఘాట్ రోడ్డు పడక పూర్వము నడువలేనివారిని డోలీలలో మోసెడివారు. పసివారు తల్లుల చంకలలోను, తండ్రుల భుజములమీదను కొండ యెక్కిరి. మనిషి నడుచు వేగములో చంకకు మించిన రక్ష లేదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు; మరల దీనికడకే వత్తును.

పడమటి దేశములలో బిడ్డల బండి మొదట ప్రభువుల విలాసముగా పుట్టినది. ఇంగ్లండులో 1733లో విలియం కెంట్ అను శిల్పి, డెవన్‌షైర్ ప్రభువు బిడ్డలకై గుల్ల యాకారమున చిన్నబండి నొకదానిని కట్టెను. మేకగాని, పొట్టి గుఱ్ఱముగాని దానిని లాగునట్లు ఏర్పాటు. తరువాత చేతితో తోయు బండ్లు వచ్చినవి గాని అవి మిక్కిలి బరువు. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను విమాన నిర్మాణ నిపుణుడు, విమానముల చక్రములు ముడుచుకొను రీతి నెరిగినవాడగుటచే, గొడుగువలె మడుచుకొను అల్యూమినియం బండిని కల్పించెను. దాని బరువు మూడు కిలోలకు లోపే. నేడు విమానాశ్రయములలో తల్లులు ఒంటిచేత మడిచి పట్టుకొనిపోవు తేలికబండ్లకు ఆ బండియే మూలము.

ఇక గ్రాకో సంగతి. 1942లో రస్సెల్ గ్రే, రాబర్ట్ కోన్ అను నిరువురు ఫిలడెల్ఫియా నగరమున గ్రాకో మెటల్ ప్రాడక్ట్స్ అను కర్మాగారమును స్థాపించిరి. అప్పుడు వారు చేసినవి యంత్రముల భాగములు, కార్ల భాగములు. పసిపిల్లల ఊసే లేదు. కొలది కాలమునకు గ్రే తొలగిపోగా కోన్ ఒక్కడే మిగిలెను. ఇతరులకు భాగములు చేసియిచ్చుట నిలుకడలేని బ్రతుకు గనుక, తమదని చెప్పుకొనదగిన వస్తువు నొకదానిని వారు వెదకిరి. ఆ వస్తువు దొరకిన విధమును ఆ సంస్థవారు ఒక కథగా చెప్పుకొందురు. అందు పనిచేయు నొకని భార్య ఇంటి వసారాలో కూర్చుండి యేదో వ్రాసికొనుచు, బిడ్డ ఊయెలకు దారము కట్టి లాగుచుండెనట. అతడు చూచెనట. ఈ కథ విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది. మన పల్లెలలో ఏ తల్లి అట్లు చేయలేదు? ఊయెల త్రాడు కాలి బొటనవ్రేలికి తగిలించుకొని, వేరుసెనగకాయలు ఒలుచుచు జోలపాడిన తల్లుల చేతిలోనే మనమందరము పెరిగితిమి. మనము ఊయెలకు పాటను చేర్చితిమి. వారు యంత్రమును చేర్చిరి. డేవిడ్ సెయింట్ అను ఇంజనీరు పూనికతో 1955లో, గడియారమువలె కీ ఇచ్చినచో తనంత తానూగు ఊయెల 'స్వింగొమాటిక్' అను పేర వెలువడెను. అది మొదలు ఆ సంస్థ పయనము పసిపిల్లలవైపు తిరిగెను. 1987లో మడిచి వెంట తీసికొనిపోదగిన, వలగోడలు గల 'ప్యాక్ అండ్ ప్లే' అను తొట్టి వచ్చెను. 1996లో రబ్బర్‌మెయిడ్ సంస్థ గ్రాకోను కొనెను. 1999లో రబ్బర్‌మెయిడ్, న్యూయెల్ సంస్థలో కలిసెను. యజమానులు మారినను పేరు మాత్రము మారలేదు.

ఈ సంస్థ చేయు కారు సీట్లను తెలిసికొన్నచో తక్కిన సంస్థల సీట్ల తీరును తెలియును. మొదటిది నెలల బిడ్డకు తగిన బుట్ట సీటు. 'స్నగ్‌రైడ్' అని దాని పేరు. దానికి పిడి యుండును. దాని పీఠము కారులోనే బిగించి యుండును. బుట్టను పీఠముపై పెట్టినచో టక్కున పట్టుకొనును. నిద్రించు బిడ్డను లేపక బుట్టతోకూడ తీసి, అదే సంస్థ చేసిన తోపుడు బండిపై అమర్చవచ్చును. సీటును బండియు ఇట్లు జతగూడినదానిని ప్రయాణపు జోడు అందురు. రెండవది మొదట వెనుకకును, బిడ్డ పెరిగిన పిదప ముందునకును తిప్పదగిన సీటు. మూడవది బడి యీడు పిల్లలను ఎత్తుగా కూర్చుండబెట్టి, కారు బెల్టు మెడమీద గాక భుజముమీదుగా పోవునట్లు చేయు పీట. 'ఫోర్‌ఎవర్' అను పేరుగల సీటు ఈ మూడు పనులను ఒక్కటే చేయును. సుమారు 2 కిలోల బరువు మొదలు 54 కిలోల వరకు, పదేండ్లపాటు పనికి వచ్చునట్లు దానిని నిర్మించిరి.

బిడ్డ మొగము వెనుకకేల యని మా యింటియామె యడిగినది. ప్రశ్న మంచిది. పసిబిడ్డకు తల బరువు, మెడ లేత. మెడ నిలువలేదు, మెడక్రింద చేయి పెట్టి యెత్తుమని మన ముసలమ్మలు చెప్పుదురు గదా! కారు ముందుకు తాకినప్పుడు వెనుకకు చూచు సీటు యొక్క వీపు బిడ్డ తలను, మెడను, వెన్నును ఒక్కమారుగా ఆనుకొని పట్టును. ముసలమ్మ చేయి చేయు పనియే అది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఒడి యేల చాలదు? ఎద్దులబండి హఠాత్తుగా ఆగినప్పుడు బండిలోని బస్తా ముందుకు దొర్లుట మీరు చూచియుందురు. బండి ఆగును గాని బస్తా ఆగదు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనినైనను గ్రుద్దుకొని నిలిచినచో, అందలి వారు అదే వేగముతో ముందుకు పోవుదురు. అట్టి తాకిడిలో బిడ్డను సెకనులో పదవవంతు కాలమున ఆపవలెనన్న, బిడ్డ బరువునకు 14 రెట్ల బలము కావలెను. అనగా 10 కిలోల బిడ్డను పట్టుట, 140 కిలోల మూటను రెప్పపాటులో పట్టినంత పని. ఏ తల్లి చేతులకు, ఏ వస్తాదు చేతులకు అంత బలమున్నది? పైగా ఒడిలో బిడ్డ నుంచుకొన్నవారికి బెల్టు లేకున్నచో వారి శరీరమే బిడ్డపై పడును. బెల్టును ఇరువురికిని కలిపి చుట్టినచో ఆ బెల్టే బిడ్డను నొక్కివేయును. ఇందు ప్రేమ కొరత లేదు, నేర్పు కొరత లేదు. చంక నడక వేగమునకు తగినది. కారు వేగమునకు తగినది కాదు.

అమెరికావారు సైతము ఈ సత్యమును సులభముగా ఒప్పుకొనలేదు. టెన్నెసీ రాష్ట్రమున రాబర్ట్ సాండర్స్ అను పిల్లల వైద్యుని పట్టుదలచే 1977లో, కారులో పసిబిడ్డలకు సీటు తప్పనిసరి యను చట్టము ఆ దేశములో మొట్టమొదటగా పుట్టెను. కాని శాసనసభవారు దానిలో మినహాయింపు నొకదానిని పెట్టిరి: బిడ్డ పెద్దవారి చేతులలో నున్నచో సీటు అక్కరలేదట! మా యింటియామె మాటయే శాసనమై కూర్చున్నది. బిడ్డలను నలిపివేయు సవరణ యని ఆ మినహాయింపునకు పేరు పడినది. 1981లో దానిని తొలగించిరి. 1985 నాటికి ఆ దేశపు అన్ని రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసినవి. సరిగా అమర్చిన సీటు కార్లలో ఏడాది లోపు బిడ్డల మరణములను 71 శాతము, ఏడాదినుండి నాలుగేండ్లవారి మరణములను 54 శాతము తగ్గించునని ఆ దేశపు రహదారి భద్రతా శాఖ లెక్క.

అయినను పేరుగల సంస్థ వస్తువైనంత మాత్రమున కన్ను మూసికొని నమ్మరాదు. గ్రాకో చరిత్రములోనే దీనికి నిదర్శనమున్నది. కొన్ని సీట్ల పట్టీల బకిళ్ళలో బిడ్డలు తిను పదార్థములు, పాలు చేరి గట్టిపడి, అవసర సమయమున బకిలు తెరచుకొనదను ఫిర్యాదులు వచ్చెను. 2014లో ఆ సంస్థ 60 లక్షలకు పైబడిన సీట్ల బకిళ్ళకు బదులు ఇవ్వవలసివచ్చెను. ఆ లోపమును సకాలమున తెలుపలేదని 2015లో ప్రభుత్వము 1 కోటి డాలర్ల దండన విధించి, అందు 70 లక్షల డాలర్లు పిల్లల భద్రతకే వ్యయపరచవలెనని నిర్ణయించెను. 2014లోనే సుమారు 47 లక్షల తోపుడు బండ్లను గూర్చియు హెచ్చరిక వెలువడెను. మడతబందులో బిడ్డ వ్రేళ్ళు పడి తెగు ప్రమాదమున్నదని. కావున బండిని మడుచునప్పుడును, విప్పునప్పుడును బిడ్డను దూరముగ నుంచుడు. బకిలును తరచుగా శుభ్రము చేయుడు.

మన దేశమున చట్టము లేకపోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమందలి 194బి విభాగము ప్రకారము, 14 ఏండ్లు నిండని పిల్లలను బెల్టుగాని, పిల్లల సీటుగాని లేక కారులో తీసికొనిపోయినచో 1000 రూపాయల జుల్మానా. మోటారుసైకిలుపై నాలుగేండ్ల లోపు బిడ్డను, నడపువానికి పట్టీలతో కట్టవలెననియు, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు శిరస్త్రాణము ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరినుండి నిబంధన. అహమదాబాదున 2014లో వెలసిన ఆర్ ఫర్ ర్యాబిట్ మొదలగు మన దేశపు సంస్థలును ఇప్పుడు సీట్లు, బండ్లు అమ్ముచున్నవి.

కొనువారు మూడు నాలుగు సంగతులు చూడవలెను. సీటుపై మన దేశపు ఏఐఎస్ 072 గాని, ఐరోపావారి ఆర్ 44 లేక ఆర్ 129 గాని ముద్ర యుండవలెను. బిడ్డ బరువునకు, ఎత్తునకు తగినదై యుండవలెను. ప్రమాదములో చిక్కిన సీటును, గడువు తేది దాటిన సీటును చౌకగా వచ్చినను కొనరాదు. ఎయిర్ బ్యాగు గల ముందు సీటుపై వెనుకకు చూచు సీటును ఎన్నడును పెట్టరాదు. అమర్చిన పిదప చేతితో పట్టి కదలించిన అంగుళమునకు మించి కదలరాదు.

నిరుడు మనుమనికి పుట్టువెంట్రుకలు తీయించుటకు కూతురు, అల్లుడు వచ్చిరి. తిరుపతిలో బాడుగ కారు కుదిర్చితిమి. వెనుక సీటు బెల్టులు కవరు క్రింద మూలకు త్రోయబడియుండెను. "కొండ మీదికి నిదానంగానే పోతాను సార్, బిడ్డను అమ్మ ఒళ్ళో పెట్టుకుంటుందిలే," అని డ్రైవరు అనెను. నేను నోరు తెరవకమునుపే మా యింటియామె అందుకొనెను: "నిదానంగా పొయ్యేది నీ చేతిలో ఉండాది నాయనా. ఎదురొచ్చేవాడు నీ చేతిలో ఉండాడా? ఆ బెల్టు బయటికి తియ్యి." బెల్టు వెలుపలికి వచ్చినది, సీటు బిగిసినది. ఆమె ప్రక్కన కూర్చుండి, మునుపటివలెనే మనుమని పిడికిటిలో తన వ్రేలు పెట్టినది. ఘాట్ రోడ్డు మలుపులన్నియు వాడు ఆ వ్రేలు విడువలేదు.

పెద్దలారా, బిడ్డకు ఒడిని దూరము చేయుమని నేను చెప్పుటలేదు. కారు ఆగిన పిదప ఒడికి తీసికొనుడు. ఆగువరకు సీటులో నుంచుడు.