పూల్ బల్ల యెంత యెత్తుండవలెను?

గడచిన వేసవిలో మా చెల్లెలి యింట నొక తగవు పుట్టెను. అది పొలమును గూర్చినది కాదు. నగలను గూర్చినదియు కాదు. ఒక బల్లకాళ్ళను గూర్చినది.

పిల్లలు మధ్యాహ్నపుటెండలో వీథులు తిరుగకుండ నింటిపట్టున నాడుకొందురని మా మరిదిగారొక పాత పూల్ బల్లను కొని మేడమీది హాలులో వేయించిరి. పదునారేండ్ల పిల్లవాడు మొదటిదినముననే చేయి కుదుర్చుకొనెను. పదేండ్ల యాడపిల్లకు మాత్రము బల్లయంచు ఱొమ్ముదాక వచ్చెను. మోచేయి చెవిదాక నెత్తినగాని కఱ్ఱ బంతికి తగులదు. వారము తిరుగకమునుపే యా పిల్ల యాట మాని, మెట్లమీద గూర్చుండి, అన్నకును వాని స్నేహితులకును లెక్క వ్రాయుచుండెను.

తండ్రి కిది కష్టముగా దోచి, వడ్రంగిని బిలిపించి, “కాళ్ళు ఆరంగుళములు కోయుము” అనెను. “కోసినచో నది పూల్ బల్ల కాదు” అని కొడుకు అడ్డుపడెను. పిల్ల మాత్ర మేమియు ననలేదు. తీర్పునకు మమ్ము బిలిచిరి. మేము జన్మమున నాకఱ్ఱ ముట్టినవారము కాము. అయినను విచారింపక తీర్పు చెప్పుట తగదు గనుక, తెలిసినవారి నడిగియు, నియమములు చదివియు కొంత తెలిసికొంటిమి. అది మా సోదరీమణులకు గూడ నుపయోగింపవచ్చునని యిచట వ్రాయుచున్నాము.

పూల్ ఆటకు ప్రపంచసంఘమువారు విధించిన యెత్తు 29¼ అంగుళములు మొదలు 31 అంగుళములవఱకు. దీనిని నేలనుండి పచ్చగుడ్డ పఱచిన యాటతలమువఱకు కొలువవలెను. బల్లయంచుపైని కొయ్యవఱకు కొలిచినచో బల్ల యెత్తైనదని పొరపడవచ్చును. స్నూకరు బల్ల యింతకంటె నెత్తైనది. దానికి అంచుపైని కొయ్యవఱకు 33½ మొదలు 34½ అంగుళములు. స్నూకరు మనదేశముననే, 1875లో జబల్పూరునందలి ఆంగ్ల సైనికాధికారులలో బుట్టి, పిమ్మట ఉదకమండలము క్లబ్బులో నియమములు దిద్దుకొన్నదని యెందఱికి దెలియును?

ఈ యెత్తున కర్థ మేమనగా, ఆడువారు నిలిచి, నడుమువంచి, గడ్డమును కఱ్ఱపైకి దెచ్చి, ముందరిచేయి చాపి, వెనుకచేతిని గడియారపు లోలకమువలె నాడింపవలయును. బల్ల మిక్కిలి యెత్తైనచో భుజము పైకి లేచి చేయి బిగియును. మిక్కిలి పొట్టిదైనచో నడుము విఱుగును. ఆడునపుడు ఒక పాదమైనను నేల విడువరాదని నియమము. అందని బంతికి, కొనయందు చీలికలుగల చిన్నపలక బిగించిన పొడుగుపాటి కఱ్ఱ యొకటి యుండును. దానిపై ఆటకఱ్ఱ నాన్చి కొట్టుట నామోషీ కాదు. మేటి యాటకాండ్రును వాడుదురు.

బల్లలోపలి యెత్తు మఱియొకటి కలదు. అంచున నుండు రబ్బరుకట్ట బంతిని తాకుచోటు, బంతియెత్తులో నూటికి 63½ వంతులుండవలెను. బంతి 2¼ అంగుళములు. కావున కట్ట గుడ్డమీదనుండి సుమారు ఒకటిన్నర యంగుళమునకు గొంచెము తక్కువ. అది మించినచో బంతి క్రిందికి నొక్కబడును, తగ్గినచో ఎగిరిపడును. కాళ్ళు కోసినంతమాత్రమున నిది చెడదు గాని, మట్టము చెడును. గుడ్డక్రింద పలకరాతి బండ లుండుటచే నట్టి బల్ల వందలకొలది కిలోల బరువుండును. ఒక కాలు వెండ్రుకవాసి యెక్కువగా దెగినను బంతి తనంతట నొకమూలకు దొర్లును. తెగినకాలు మరల మొలవదు.

అయిన పొట్టివారి కీయాట లేదా? మసాకొ కత్సురా యను జపానుదేశపు స్త్రీ 1913లో టోక్యోనగరమున జన్మించెను. ఆమె యెత్తు అయిదడుగులు. బావగారి బిల్లియర్డుశాలలో చిన్ననాడే యాట నేర్చి, 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోనగరమున జరిగిన ప్రపంచపోటీలో పురుషులతో సమానముగా నిలిచి యాడెను. బిల్లియర్డులలో ప్రపంచపదవికై పోటీచేసిన మొదటి స్త్రీ యామెయే. పదుగురిలో నేడవస్థానము పొందెను. ఆమెకొఱకు బల్లకాళ్ళెవ్వరును కోయలేదు.

కావున మేము చెప్పిన తీర్పిది: కాళ్ళు కోయవలదు. పిల్ల యేటేట నెదుగును. మూడు నాలుగేండ్లలో బల్ల తానే సరిపోవును. అంతవఱకు అయిదంగుళముల యెత్తున, నాలుగడుగుల పొడవున, రెండడుగుల వెడల్పున రెండు చెక్కతిన్నెలు చేయించి, జాఱకుండ నడుగున రబ్బరు కొట్టించి, కావలసినవైపునకు జరుపుకొనవలెను. ఇరుకుపీటలు పనికిరావు, పిల్ల చూపు బంతిపై నుండునుగాని పాదముపై నుండదు. వడ్రంగి రెండుదినములలో వానిని చేసితెచ్చెను. ఆ సాయంకాలము మెట్లమీద లెక్కవ్రాయువారు లేకపోయిరి.

కథ యింతటితో ముగిసినచో మే మీవ్యాసము వ్రాయకపోదుము. వడ్రంగి విడిచిన కొలతపట్టీ పిల్లచేత బడెను. అది యిల్లంతయు కొలుచుచు వంటింటిలోనికి బోయి, చపాతీపిండి పిసుకుచున్న నాయనమ్మ నడుగక యామె మోచేయియెత్తు గొలిచెను: ముప్పదియాఱంగుళములు. వంటగట్టును గొలిచెను: ముప్పదియైదు. “పెద్దమ్మా, నాయనమ్మ భుజము బల్లదగ్గఱ నా భుజమువలెనే లేచియున్నది” అనెను.

మేమందఱము నిశ్శబ్దులమైతిమి. ఆమె పొట్టిమనిషి, నాలుగడుగుల పదియంగుళములు. పండ్రెండేండ్లుగా నాగట్టువద్ద పనిచేయుచున్నది. భుజము నొప్పియని యెన్ని తైలములు రాచికొనెనో మే మెఱుగుదుము. గట్టెత్తును తాపీవాడు తన యలవాటుచొప్పున గట్టెను. ఆమె నెవ్వరును కొలువలేదు. పిల్ల యాటమానిన వారమునకే వడ్రంగి వచ్చెను. ఈ పండ్రెండేండ్లలో నామెకొఱకు రాలేదు. “అలవాటైపోయినది లెమ్ము” అని యామె నవ్వెను. మా చెల్లెలు నవ్వలేదు.

ఆటబల్ల కొకే నియమ మేల యనగా, దానిపై నెల్లరు నాడవలెను. అందఱికి నొకే కొలత యుండిననే గెలుపోటములకు న్యాయము. వంటగట్టున కట్టి నియమ మేదియు లేదు. అది నిలిచి పనిచేయు మనిషికి సరిపోవలెను. ఇంటిలో తొడుగు చెప్పులతోనే నిటారుగా నిలిచి, మోచేయి మడిచి, నేలనుండి మోచేతివఱకు గొలిచి, అందుండి మూడు నాలుగంగుళములు తీసివేసిన మిగిలినది తఱుగుటకు తగిన యెత్తు. పిండి పిసుకుటకు, బలము వేయు పనులకు మఱికొంచెము తక్కువ మేలు. గట్టు కట్టియేయున్నచో పగులగొట్ట నక్కఱలేదు. పొట్టివారికి గోడనుండి గోడవఱకు పఱచిన కదలని చెక్కతిన్నె చాలును. లేదా పిసుకుటకు వేఱుగా పొట్టిబల్ల వేసికొనవచ్చును. పొడుగువారికి గట్టుపై మందమైన పీట చాలును.

మా చెల్లెలి యింట వడ్రంగి మూడవసారి వచ్చి, ముప్పదియంగుళముల యెత్తున నొక చిన్నబల్ల చేసియిచ్చెను. పూల్ బల్లయు నించుమించుగా నంతే యెత్తు. పిల్ల దానినిగూడ గొలిచి, సరిగానున్నదని నాయనమ్మతో జెప్పెను. ఆమె యిపుడు భుజ మెత్తక పిండి పిసుకుచున్నది.

సోదరీమణులారా, మీ యింట కొలతపట్టీ యుండియే యుండును. ఈదినమే యొకసారి తీయుడు.