కాగితంలో 1.20 అంటే ఎంత నేల? కొలతలు మార్చే ‘యూనిట్స్’ వాడుకుందాం

మన హోసూరు పక్క ఇళ్లలో నేల మాట వచ్చిందంటే మూడు రాష్ట్రాల కొలతలు కలిసిపోతాయి. ఆనేకల్ పక్క చుట్టాలు గుంటల్లో చెప్తారు. కుప్పం పక్క వాళ్లు సెంట్లలో చెప్తారు. మనమూ నోటితో సెంట్లనే అంటాం. కానీ చేతిలో ఉన్న తమిళనాడు పట్టా తీసి చూస్తే అందులో హెక్టారు, ఏర్స్ అని ఉంటుంది.

ఒక ఇంట్లో మూడు ఊళ్ల కాగితాలు ఉన్నాయనుకోండి. మూడింటిలోనూ విస్తీర్ణం గడిలో ముందు 1, దాని పక్కన 20 అని ఉంది. మూడు నేలలూ సమానమేనా?

కావు. ఆంధ్రప్రదేశ్ కాగితంలో దాన్ని 1 ఎకరం 20 సెంట్లు అని చదవాలి. కర్ణాటక పహణిలో 1 ఎకరం 20 గుంటలు అని చదవాలి. తమిళనాడు పట్టాలో 1 హెక్టారు 20 ఏర్స్ అని చదవాలి. సెంట్లలో చెప్పుకుంటే మొదటిది 120, రెండోది 150, మూడోది 296న్నర. అంకెలు అవే, నేల మాత్రం రెండింతలకు పైగా తేడా. పంపకాల్లోనో అమ్మకంలోనో ఈ తేడా తెలియకపోతే ఏమవుతుంది? సెంటు లక్ష రూపాయలు అనుకున్నా, ఒక పహణిని సెంట్ల లెక్కన చదివినందుకే 30 లక్షలు చేజారిపోతాయి.

ఈ లెక్కలు కాగితం మీదా చేయొచ్చు. కానీ తప్పు లేకుండా, ఎన్నిసార్లయినా చేసిపెట్టే ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని పేరు ‘యూనిట్స్’. కంప్యూటర్ గదిలో కూర్చునే పిల్లలకూ, ఇంట్లో కాగితాలు చూసుకునే పెద్దలకూ పనికొస్తుందని ఇక్కడ వివరిస్తున్నాం.

ఒక మాట ముందే చెప్పాలి. ఆదేశాలను ఇక్కడ పలికినట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. మీరు టైపు చేసేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి.

మొదలుపెట్టడం

యూనిట్స్‌కు బొమ్మలు, బటన్లు ఉండవు. టెర్మినల్ అనే నల్ల తెరలో ఆదేశం టైపు చేసి ఎంటర్ నొక్కితే జవాబు వస్తుంది. దీన్నే కమాండ్ లైన్ అంటారు. ఉబుంటు లాంటి లినక్స్ ఉన్న కంప్యూటర్లో ఈ ఆదేశంతో దాన్ని తెచ్చుకోవచ్చు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యూనిట్స్

తర్వాత ‘యూనిట్స్’ అని ఒక్క మాట టైపు చేసి ఎంటర్ నొక్కండి. అది రెండు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది ‘యూ హ్యావ్’, అంటే నీ దగ్గర ఉన్నదేమిటి అని. రెండోది ‘యూ వాంట్’, అంటే దేనిలోకి మార్చాలి అని. మొదటిదానికి ‘1 మైల్’ అనీ, రెండోదానికి ‘కేఎం’ అనీ ఇవ్వండి. రెండు వరుసలు కనిపిస్తాయి:

* 1.609344
/ 0.62137119

చుక్క గుర్తు పక్కన ఉన్నదే మీకు కావలసిన జవాబు: ఒక మైలుకు 1.609344 కిలోమీటర్లు. గీత గుర్తు పక్కన ఉన్నది దాని తిరగేసిన లెక్క: ఒక కిలోమీటరుకు 0.62137119 మైలు. చాలామంది మొదటిరోజు ఈ రెండో అంకె చూసి తికమక పడతారు. చుక్క వరుస చూస్తే చాలు. బయటికి రావాలంటే కంట్రోల్ మీటతో పాటు డి నొక్కాలి.

ప్రశ్నలు వద్దు, ఒకే వరుసలో కావాలంటే రెండింటినీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇవ్వండి:

యూనిట్స్ '5 ఫీట్ + 4 ఇంచెస్' 'సీఎం'

జవాబు 162.56. అంటే 5 అడుగుల 4 అంగుళాల పిల్ల ఎత్తు 162.56 సెంటీమీటర్లు. కూడిక గుర్తు పెట్టి రెండు కొలతలను కలపొచ్చని గమనించండి. నేల లెక్కకు అదే కావాలి.

అది ‘కాదు’ అంటే ఎందుకంటుంది

‘1 లీటర్’ ఇచ్చి ‘కేజీ’ కావాలని అడగండి. ‘కన్ఫర్మబిలిటీ ఎర్రర్’ అని చెప్పి ఆగిపోతుంది. తిట్టుకోకండి, అది చేసేది మేలే. లీటరు చోటును కొలుస్తుంది, కిలో బరువును కొలుస్తుంది. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చలేం. వంటనూనె ప్యాకెట్ మీద 1 లీటరు అనీ, పక్కనే 910 గ్రాములు అనీ చూసే ఉంటారు. ఆ నూనె ఒక లీటరు ఎంత బరువుంటుందో మనం చెప్తే అప్పుడు లెక్క కుదురుతుంది:

యూనిట్స్ '5 లీటర్ * 0.91 కేజీ/లీటర్' 'కేజీ'

జవాబు 4.55 కిలోలు. అంటే 5 లీటర్ల డబ్బాలో 5 కిలోల నూనె లేదు.

జ్వరం లెక్కలో మాత్రం జాగ్రత్త. ‘టెంప్ ఎఫ్’ పక్కన బ్రాకెట్లలో 100 పెట్టి ‘టెంప్ సి’ అడిగితే 37.777778 వస్తుంది. అది సరైనది. ‘100 డిగ్రీ ఎఫ్’ అని ‘డిగ్రీ సి’ అడిగితే 55.555556 వస్తుంది! అది తప్పు కాదు, మనం అడిగిన ప్రశ్నే వేరు. మొదటిది ‘ఇప్పుడు ఎంత వేడి’ అనే ప్రశ్న. రెండోది ‘ఎన్ని డిగ్రీలు పెరిగింది’ అనే ప్రశ్న. ఈ రెండు ఆదేశాల్లో మాత్రం ఎఫ్, సి పెద్ద అక్షరాల్లో ఉండాలి. యూనిట్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

సెంటు అంటే దానికి డబ్బు

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. ‘20 సెంట్’ ఇచ్చి ‘ఫుట్^2’ అంటే చదరపు అడుగులు కావాలని అడగండి. మళ్లీ అదే ఎర్రర్. ఎందుకంటే యూనిట్స్‌కు తెలిసిన సెంటు డాలరులో నూరో భాగం. మన సెంటు ఎకరంలో నూరో భాగమని దానికి ఎవరూ చెప్పలేదు. మనమే చెప్పాలి.

దానికోసం మీ హోం ఫోల్డర్లో ‘.యూనిట్స్’ అనే పేరుతో ఒక ఫైలు తెరవండి. పేరుకు ముందు చుక్క తప్పనిసరి. చుక్కతో మొదలయ్యే ఫైలు మామూలుగా చూస్తే కనబడదు, కాబట్టి పోయిందని కంగారు పడకండి. అందులో ఒక్కో వరుసలో ముందు పేరు, కొంచెం చోటు వదిలి దాని అర్థం రాయాలి:

ఎకరం 43560 ఫుట్^2
గుంట ఎకరం/40
నేలసెంటు ఎకరం/100
నేలఆణా గుంట/16
గజం యార్డ్^2
గ్రౌండు 2400 ఫుట్^2

డబ్బు సెంటుతో కలవకుండా మనదానికి ‘నేలసెంటు’ అని పేరు పెట్టాం. పేర్లను మీకు తోచిన ఇంగ్లీషు స్పెల్లింగులో రాసుకోండి, కానీ అన్ని వరుసల్లోనూ అదే స్పెల్లింగు ఉండాలి.

యూనిట్స్‌కు ఎకరం ముందే తెలుసు కదా, మళ్లీ ఎందుకు రాయడం అని అడగొచ్చు. అమెరికా సర్వేలో వాడుతూ వచ్చిన అడుగు మామూలు అడుగు కంటే పది లక్షల్లో రెండు పాళ్లు పెద్దది. ఆ అడుగుతో కట్టిన ఎకరం కూడా పిసరంత పెద్దది. ఆ గొడవ మనకు వద్దు. 43,560 చదరపు అడుగులు అని మనమే రాసుకుంటే ఎవరు అడిగినా చూపించొచ్చు.

గుంట 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం, అంటే 1,089 చదరపు అడుగులు. అలాంటివి 40 చేరితే ఎకరం. సెంటు 435.6 చదరపు అడుగులు. పహణిలో గుంట తర్వాత ఇంకో అంకె ఉంటే అది ఆణాలు. 16 ఆణాలకు ఒక గుంట. ఏర్ అంటే 100 చదరపు మీటర్లు, నూరు ఏర్స్‌కు ఒక హెక్టారు. హెక్టారూ ఏరూ యూనిట్స్‌కు ముందే తెలుసు.

మూడు కాగితాలు, మూడు జవాబులు

ఇప్పుడు మొదట చెప్పిన మూడు కాగితాలనూ అడుగుదాం:

యూనిట్స్ '1 ఎకరం + 20 నేలసెంటు' 'ఫుట్^2'
యూనిట్స్ '1 ఎకరం + 20 గుంట' 'ఫుట్^2'
యూనిట్స్ '1 హెక్టేర్ + 20 ఏర్' 'ఫుట్^2'

జవాబులు వరుసగా 52272, 65340, 129166.93. చివర ‘ఫుట్^2’ తీసి ‘నేలసెంటు’ పెడితే 120, 150, 296.53 వస్తాయి.

ఇక్కడ ఒక సంగతి చూడండి. పహణిలోని 1.20ని ‘1.20 ఎకరం’ అని టైపు చేసి ఉంటే యూనిట్స్ ఏ ఎర్రరూ ఇవ్వదు. నమ్మకంగా 52272 అని చెప్తుంది. కాగితంలోని ఆ చుక్క దశాంశ బిందువు కాదని, ఎకరానికీ గుంటకీ మధ్య గోడ అని దానికి తెలియదు. ఆ చుక్క 40 దగ్గర తిరుగుతుంది, 100 దగ్గర కాదు. అందుకే పహణిలో 1.39 తర్వాత 1.40 రాదు, 2.00 వస్తుంది. కాగితాన్ని చదవడం మన పని. లెక్క కట్టడం దాని పని.

తిరగేసి కూడా అడగొచ్చు. పట్టాలో అర హెక్టారు ఉంది, ఆనేకల్ మామకు గుంటల్లో చెప్పాలి. కావలసిన కొలతలను సెమికోలన్‌తో విడదీసి ఇవ్వండి:

యూనిట్స్ '0.5 హెక్టేర్' 'ఎకరం;గుంట'

1 ఎకరం 9.42 గుంటలు అని విడదీసి చెప్తుంది. ఇంటి స్థలానికీ ఇదే పద్ధతి. ముప్పై నలభై సైటు 1,200 చదరపు అడుగులు. అది 133.33 గజాలు, 2.75 సెంట్లు, 1.1 గుంట, చెన్నై మాటలో సరిగ్గా అర గ్రౌండు. నలుగురు నాలుగు రకాలుగా ధర చెప్పినప్పుడు అన్నింటినీ చదరపు అడుగుల్లోకి తెచ్చుకుంటే ఎవరిది ఎక్కువో వెంటనే తెలిసిపోతుంది.

పేరు ఒకటే, కొలత వేరు

ఎకరానికీ గుంటకీ అర్థం స్థిరంగా ఉంది. కొన్ని పాత పేర్లకు అలా లేదు. అంకణం నెల్లూరు పక్క 72 చదరపు అడుగులు, తిరుపతి పక్క 36. అలాంటి పేరును ఫైల్లో చేర్చేటప్పుడు ఏ ఊరిదో పేరులోనే కలిపి రాసుకోండి, ‘నెల్లూరుఅంకణం’ అన్నట్టు. పాత దస్తావేజులో తెలియని కొలత కనబడితే ఊహించి చేర్చకండి. ఆ ఊరి పెద్దలనో సర్వేయరునో అడిగి తెలుసుకున్నాకే చేర్చండి. ఫైల్లో తప్పు రాస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి జవాబూ తప్పే, చూడటానికి మాత్రం ఎనిమిది అంకెలతో చక్కగా కనిపిస్తుంది.

ఇది మన ఇళ్లలో మాత్రమే జరిగే పొరపాటు కాదు. 1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరి కూడా నాశనమైంది. భూమి మీద ఒక ప్రోగ్రాం రాకెట్ తోపును పౌండ్-సెకన్లలో లెక్కగట్టి ఇచ్చింది, రెండోది అవి న్యూటన్-సెకన్లు అనుకుని తీసుకుంది. రెంటికీ తేడా 4.45 రెట్లు. అంకెలు సరిగ్గానే చేరాయి, వాటి వెనక ఉండాల్సిన కొలత పేరు చేరలేదు. పరీక్షలో అంకె పక్కన యూనిట్ రాయకపోతే మార్కులు కోసేది ఇందుకే, పిల్లలూ.

ఇంట్లో చేయాల్సిన పని

8, 9, 10 తరగతుల పిల్లలు ఇంట్లో పెద్దలను అడిగి ఒక నేల కాగితంలోని విస్తీర్ణం గడిని మాత్రం నోటుబుక్కులో రాసుకుని రండి. అది ఏ రాష్ట్రం కాగితమో పక్కన రాయండి. పేర్లు, సర్వే నంబర్లు రాయొద్దు, ఎవరికీ చూపించొద్దు. నేల లేని ఇళ్ల పిల్లలు తాము ఉండే ఇంటి పొడవు వెడల్పులు అడుగుల్లో కొలిచి తెస్తే చాలు. కంప్యూటర్ పీరియడ్‌లో అందరం వాటిని సెంట్లు, గుంటలు, ఏర్స్ మూడింటిలోకీ మార్చి చూద్దాం.

ఆ జవాబును ఇంటికి తీసుకెళ్లి అవ్వకో తాతకో చెప్పండి. వాళ్లు నోటిలెక్కలో చెప్పేదానికీ మీ జవాబుకీ తేడా వస్తే, ఎవరిది తప్పని వాదించకండి. ఏ ఎకరం, ఏ సెంటు, ఏ ఊరి కొలత అని అడగండి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.