లక్కరేకులపై నాదోపాసన

మహాభారతంలోని లక్క ఇంటి కథ తెలియని తెలుగు గృహం ఉండదు. వారణావతంలో పురోచనుడు నిర్మించిన ఆ భవనం పాండవులను దహించడానికి ఉద్దేశించినది. వేడి సోకితే కరిగి, నిప్పు తగిలితే భగ్గుమనే లక్క గుణమే ఆ కుతంత్రానికి ఆధారం. వేడికి మెత్తబడి, చల్లారగానే గట్టిపడే ఆ గుణమే ఇరవయ్యో శతాబ్దిలో ఒక పుణ్యకార్యానికి అక్కరకు వచ్చింది. త్యాగరాజస్వామి కృతులు, రామదాసు కీర్తనలు, పౌరాణిక నాటక పద్యాలు గ్రామఫోను రికార్డులుగా మన ముంగిళ్లకు చేరినది లక్క మీదనే.

మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు స్రవించే జిగురే లక్క. మోదుగకు సంస్కృతంలో పలాశమని పేరు. మన పలాస పేరు వినగానే ఆ చెట్టు మనసులో మెదలక మానదు. శుద్ధిచేసిన లక్కలో మెత్తని రాతిపొడి, మసి, కాస్త నూలుపీచు కలిపి వేడిమీద అచ్చువేస్తే, నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్లని రికార్డు సిద్ధమయ్యేది. పది అంగుళాల రికార్డుపై ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది.

సోంపేట, మందస, టెక్కలి ప్రాంతాల్లోని పాత ఇళ్ల అటకలపై ఇటువంటి రికార్డుల కట్ట ఏదైనా ఉంటే, దానికి లక్క కంటె కాగితంతోనే చిక్కు. ఉద్దానం తీరపు ఉప్పుగాలి, వానాకాలపు తేమ, చెదలు, పురుగు అన్నీ మొదట తినేది నడుమ అంటించిన గుండ్రని కాగితాన్నే. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను వంటి ఉపద్రవాలలో ఇంటి పైకప్పులే ఎగిరిపోతే అటక మీది పెట్టెల సంగతి చెప్పనక్కరలేదు. తడిసిన రికార్డును తుడిచి ఆరబెడితే పాడుతుంది. తడిసిన కాగితం మాత్రం అక్షరాలతో సహా పోతుంది. పాడినవారెవరో, ఏ రాగమో, ఎప్పటిదో చెప్పే ఆధారం దానితోపాటే పోయినట్లు కనిపిస్తుంది.

తిరుమల సంకీర్తన భాండాగారంలోని తాళ్లపాక వారి రాగిరేకుల సంగతి ఇక్కడ స్మరించుకోవాలి. ఆ రేకులపై సంకీర్తన సాహిత్యం ఉంది, పైన రాగం పేరు కూడ చెక్కి ఉంది. అన్నమాచార్యులవారు వాటిని ఏ వరుసలో పాడారో తెలిపే స్వరలిపి మాత్రం లేదు. లక్కరేకుల విషయంలో ఇది తలక్రిందులైంది. గానం ఉచ్ఛ్వాస నిశ్వాసాలతో సహా నిలిచే ఉంది, పేరు చెరిగిపోయింది. రాగిరేకుల వరుసను తిరిగి తెచ్చుకోవడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. లక్కరేకుకు పేరు తిరిగి తెచ్చుకోవడానికి మాత్రం దారులున్నాయి.

పేరు చెప్పిన గొంతు

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన దేశంలో తొలి రికార్డింగులు చేశాడు. అచ్చువేసే కర్మాగారం అప్పటికి మన దేశంలో లేదు. మైనపు పళ్లెములు ఓడలో జర్మనీలోని హానోవరుకు వెళ్లి, అక్కడ రికార్డులై తిరిగి వచ్చేవి. అక్కడి పనివారికి మన భాషలు తెలియవు. ఏ పాట ఎవరిదో పొరబడకుండా గాయనీగాయకులు పాట చివర తమ పేరు తామే పలికేవారు. గౌహర్ జాన్ తన పాట ముగించి ఆంగ్లంలో పేరు చెప్పుకొనడం ఈ కారణంగానే.

ఇది మన వాగ్గేయకారుల సంప్రదాయానికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. త్యాగరాజస్వామి చివరి చరణంలో తన నామముద్ర వేస్తారు. భద్రాచల రామదాసు తన పేరు నిలుపుతారు. అన్నమయ్య వేంకటేశుని నామాన్నే ముద్రగా చేసుకున్నాడు. అయితే మూడు నిమిషాల హద్దు ఇక్కడొక చిక్కు తెచ్చిపెట్టింది. పల్లవి, అనుపల్లవి పాడి సంగతులు వేసేసరికి కాలం గడిచిపోయి, చరణం కుదించుకుపోయిన రికార్డులు, అసలే లేని రికార్డులు ఉన్నాయి. చరణం లేకపోతే ముద్ర లేదు. ముద్ర లేకపోతే కర్త పేరుకు కాగితం మీది అచ్చే దిక్కు. ఆ అచ్చు కూడ చాలావరకు ఆంగ్లాక్షరాలలో, విన్నవారికి తోచిన వర్ణక్రమంలో ఉంటుంది. కాంభోజి ‘కాంబోది’గా కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

గాయనీమణుల పేర్లకు ముందు ఊరి పేరు చేర్చడం ఆనాటి ఆచారం. కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి, బెంగుళూరు నాగరత్నమ్మ అని. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధిమందిరాన్ని తన సంపాదనతో కట్టించిన నాగరత్నమ్మ గారి కంఠం ఈ లక్క మీద నిలిచింది.

బొమ్మలు, అక్షరాలు, అంకెలు

చదువురాని ఇల్లాలు కూడ రికార్డును బొమ్మనుబట్టి గుర్తుపట్టేది. బాకా ముందు కూర్చున్న కుక్క ఉంటే హెచ్.ఎం.వి. అంతకు ముందుకాలపు గ్రామఫోను కంపెనీ రికార్డులపై కుక్కకు బదులు, రెక్కలు గల దేవదూత ఈకతో రాస్తున్న బొమ్మ ఉండేది. జంట స్వరచిహ్నాలుంటే కొలంబియా. గుమ్మటం గల కట్టడం ఉంటే ఓడియన్, అది జర్మనీ కంపెనీ. ఎ.వి. మెయ్యప్పన్ మిత్రులతో కలిసి 1932లో మదరాసులో స్థాపించిన సరస్వతీ స్టోర్స్ దక్షిణాదిలో ఓడియన్ రికార్డులను వ్యాప్తిలోకి తెచ్చింది.

ఇవి పెద్ద పేర్లు. వీటి చాటున చిన్న లేబుళ్లు ఎన్నో ఉన్నాయి. మదరాసులో హచిన్స్, బ్రాడ్‌కాస్ట్, కలకత్తాలో మెగాఫోన్, హిందుస్థాన్, సెనోలా, బొంబాయిలో 1935 నుంచి నడిచిన ‘యంగ్ ఇండియా’. పేరుమోసిన విద్వాంసులు పెద్ద కంపెనీల ఒప్పందాలలో ఉండటంతో యంగ్ ఇండియా వంటి సంస్థలు కొత్తవారిని, అంతగా పేరు లేనివారిని పాడించాయి. నా దృష్టిలో అసలు విలువ ఇక్కడే ఉంది. నాగరత్నమ్మ గారి చరిత్ర గ్రంథాలలో ఉంది. ఒక్కటో రెండో భజనలు పాడి మళ్లీ వినిపించని భక్తునికి ఆ కాగితం ముక్క తప్ప వేరే చరిత్ర లేదు.

చిన్న లేబుళ్లలో చాలావాటికి సొంత కర్మాగారం లేదు. 1908లో కలకత్తా సియాల్దాలో, ఆ తరువాత 1928లో డమ్‌డమ్‌లో గ్రామఫోను కంపెనీ నెలకొల్పిన కర్మాగారాలే ఇతరులకూ అచ్చువేసి ఇచ్చేవి. కనుక అడుగున డమ్‌డమ్ అని ఉన్నంత మాత్రాన అది హెచ్.ఎం.వి. పాట అని తీర్మానించరాదు. మరొక పొరపాటు దుకాణదారు చీటీ. అమ్మిన వర్తకుడు తన ఊరు, పేరు అచ్చువేసిన చీటీని లేబులు మీద అంటించేవాడు. అసలు పేరు చెరిగి ఇది మిగిలితే, దానినే కంపెనీ అనుకొనే ప్రమాదం ఉంది.

బొమ్మ పోయినా సంఖ్య ముందున్న అక్షరాలు మిగిలితే చాలు. ‘ఎన్’ అని ఉంటే హెచ్.ఎం.వి., ‘జి.ఇ.’ అని ఉంటే కొలంబియా, ‘ఎఫ్.టి.’ అని ఉంటే తక్కువ వెలకు అమ్మిన ట్విన్. సోంపేట 1936 వరకు గంజాం జిల్లాలోనిది. తెలుగు కీర్తనలు, జగన్నాథుని ఒడియా జణాణాలు ఒకే కట్టలో కలిసి ఉండగల సీమ ఇది. అక్కడ లేబులు మీది భాష పేరు కూడ పనికివచ్చే ఆధారమే.

కాగితం పూర్తిగా ఊడిపోతే? అప్పుడు లక్కనే అడగాలి. గాడులు ముగిసి లేబులు మొదలయ్యే నునుపైన అంచులో, ఒక్కొక్కసారి లేబులు కిందనే, సన్నని అంకెలు ఉబ్బెత్తుగానో చెక్కినట్లుగానో కనిపిస్తాయి. అది అమ్మకపు సంఖ్య కాదు, పాడిననాడు మూలపళ్లెముకు ఇచ్చిన మాతృకాసంఖ్య. రికార్డును దీపానికి ఏటవాలుగా పట్టి, భూతద్దంతో చూస్తే చదవవచ్చు. రెండు వైపులకూ రెండు వేర్వేరు సంఖ్యలుంటాయి. తొలినాటి గ్రామఫోను కంపెనీ రికార్డులలో దాని చివరి అక్షరం ఏ నిపుణుడు రికార్డు చేశాడో తెలుపుతుంది. హెచ్.ఎం.వి. రికార్డులో ఆ సంఖ్య ప్రక్కన చిన్న త్రికోణం ఉంటే అది విద్యుత్ మైకుతో, అనగా 1925 తరువాత చేసినది. చతురస్రం ఉంటే 1931, ఆ తరువాతి కాలానిది. ఏ గుర్తూ లేక, ఒకవైపే గాడులుండి రెండోవైపు నున్నగా ఉంటే చాలా పాతది, మరింత జాగ్రత్తగా చూడవలసినది.

ఈ సంఖ్యలను పట్టికలకెక్కించిన మహానుభావులు ఉన్నారు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కిన్నియర్ భారతీయ రికార్డుల తొలినాటి జాబితాలను గ్రంథస్థం చేశారు. 1990లో ముంబయిలో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఈ పరిశోధనకు ఒక పత్రికనే నడిపింది. మన ఉత్తరాంధ్ర బొబ్బిలి రాజవంశీకులు వి.ఎ.కె. రంగారావు గారు దశాబ్దాలపాటు వేలాది రికార్డులు సేకరించి, పాటల వెనుక ఉన్నవారి పేర్లను ‘ఆలాపన’ శీర్షికతో తెలుగువారికి అందించారు. కంపెనీల వద్ద మాతృకలన్నీ నిలువలేదు. అందుచేత ఒక ఇంటి అటకపై ఉన్న ప్రతియే ఆ గానానికి మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు.

రికార్డులు దొరికితే చేయవలసినది కొద్దిగానే ఉంది. లేబులుకు తడి తగలకుండా, మెత్తని గుడ్డను నీటితో కొంచెం తడిపి గాడుల వెంట తుడవాలి. స్పిరిటు వాడరాదు, అందులో లక్క కరుగుతుంది. దీపారాధన చేసే చోటికి, ఎండకు దూరంగా, నిలువుగా నిలబెట్టాలి. విజయదశమినాడు పూజలో పెడితే కుంకుమబొట్టు కవరుకే పెట్టాలి. ఆ ఎరుపు కింద అక్షరాలు మునిగిపోతాయి. పురాణ నాటకాల రికార్డులు వరుస కట్టలుగా వచ్చేవి కనుక భాగం సంఖ్య చూసి క్రమంలో ఉంచాలి. లాంగ్‌ప్లే రికార్డుల సన్నని ముల్లు వీటిపై పెట్టరాదు, 78 గాడి అంతకంటె వెడల్పు. పాట ముగిసిందని వెంటనే ముల్లు ఎత్తవద్దు, గరగర వినిపిస్తున్నా చివరిదాకా వినండి. విన్న పేరును, అంచున చదివిన అంకెలను, ఇంట్లో పెద్దవారికి ఆ పాట గురించి గుర్తున్న మాటను ఒక కాగితంపై పెన్సిలుతో రాసి కవరులో పెట్టండి. రికార్డు మీది లేబులుపై మాత్రం ఏమీ రాయవద్దు.