దారి చెప్పే పెట్టె... ఎంతవరకు నమ్మొచ్చు?

మా పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు కారు నడిపే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు ముగించుకుని ఒంటరిగా ఇంటికొచ్చేవాళ్లకు జీపీఎస్ పెట్టె మంచి తోడే. అయితే చవకలో దొరికేదాన్ని వాడిన నాకూ, నా స్నేహితురాళ్లకూ తెలిసొచ్చిన సంగతులు కొన్నున్నాయి.

ఫోన్ సిగ్నల్ లేకపోయినా ఇది పనిచేస్తుంది. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనం ఎక్కడున్నామో లెక్కగడుతుంది. చిక్కంతా లోపలున్న పాత మ్యాపుతోనే! 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారాయి. బోర్డుల మీద 65 అని ఉన్నా, మా పెట్టెకు ముంబై హైవే ఇంకా 9వ నంబరే. సంగారెడ్డి 2016లో వేరే జిల్లా అయినా, దాని లెక్కలో మెదక్ జిల్లానే.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ 'షార్టెస్ట్' అని పెడితే, రాత్రి పదింటికి కూడా ఫ్యాక్టరీ గోడల వెంట, ఆగిన లారీలు తప్ప మనిషి కనిపించని దారుల్లోకి తిప్పుతుంది. దానికి తెలిసింది దూరం ఒక్కటే. మన భయం దానికేం తెలుసు?

అందుకే కొనేముందు కొత్త మ్యాపు వేసిస్తారా, దానికి విడిగా డబ్బు కట్టాలా అని అడగండి. తెలిసిన దారిలో పగటిపూట ఒకసారి పరీక్షించండి. 'ఫాస్టెస్ట్' పెట్టుకుంటే చాలావరకు పెద్ద రోడ్ల మీదుగానే తీసుకెళ్తుంది. చిరునామా బయల్దేరే ముందే నొక్కేయండి. రాత్రివేళ పెట్టె ఎటు తిరగమన్నా దీపాలున్న రోడ్డు వదలకండి, కాస్త చుట్టయినా సరే.