పెద్ద కుర్చీలో ఎన్నాళ్లు?

పిల్లలూ, తార్నాకలో ఆర్టీసీ ఆస్పత్రి మీకందరికీ తెలుసు. ఏ ఆస్పత్రికి వెళ్లినా డాక్టరు పేరు, నర్సు పేరు గుర్తుంటాయి. దాన్ని నడిపించే పెద్ద ఎవరో మాత్రం మనం అడగం. ఆ పెద్ద తరచూ మారిపోతుంటే ఏమవుతుందో ఇవాళ లెక్క వేసి చూద్దాం.

అమెరికాలో ఏటా ఎన్ని ఆస్పత్రుల్లో సీఈఓలు మారుతున్నారో అక్కడి నిర్వాహకుల సంఘం లెక్క కడుతుంది. 2013లో అది 20 శాతం. ఆ తరవాత కొన్నేళ్లు 18 దగ్గర నిలిచింది. తక్కువే కదా అనిపిస్తుంది. పెన్సిలు తీసుకోండి. నూరు ఆస్పత్రులకు నూరుగురు పెద్దలున్నారు, అందరికీ మారే అవకాశం ఒకేలా ఉంది అనుకుందాం. ఏడాది తిరిగేసరికి 82 మంది మిగులుతారు. ఆ 82లో మళ్లీ 18 శాతం పోతే 67. ఆపైన 55, తరవాత 45. అయిదో ఏడు ముగిసేసరికి పాతవాళ్లు 37 మందే!

ఆస్పత్రికి అయిదేళ్లు ఏ మూలకు? కొత్త విభాగం పెట్టాలంటే అనుమతులు, నిధులు, భవనం, యంత్రాలు, వాటిని నడిపే మనుషులు, అన్నీ కుదరాలి. మధ్యలో వచ్చినవారు మళ్లీ మొదటి కాగితం నుంచి చదువుకోవాలి. తోడుపెట్టిన పాలగిన్నెను కదుపుతూ ఉంటే పెరుగు గట్టిగా తోడుకోదు. అలాగని ఎల్లకాలం ఉంచేస్తే పులిసిపోతుంది. రేపటి పాలకు ఇవాళ్టి పెరుగులోంచే చెంచాడు తీసిపెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్ పక్కన, జామై ఉస్మానియా దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ అలాగే చేసింది. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా పుట్టి, 1958లో ఇక్కడికొచ్చింది. కూనూరు రోజుల నుంచీ అందులోనే పనిచేసిన సి. గోపాలన్ డైరెక్టరయ్యారు. జొన్నలే ముఖ్యాహారమైన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు ఎందుకొస్తోందో ఆయన, ఎస్.జి. శ్రీకంఠయ్య కలిసి వెతికారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం మీద వారి వ్యాసం 1960లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. గోపాలన్ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతిగా ఢిల్లీ వెళ్లాక ఆ కుర్చీలోకి శ్రీకంఠయ్యే వచ్చారు. మనిషి మారినా పని తెగలేదు.

పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి సంగతీ చెప్పాలి. ఎన్టీ రామారావు పిలుపుతో కాకర్ల సుబ్బారావు గారు అమెరికా నుంచి వచ్చి దానికి తొలి డైరెక్టరయ్యారు. ఆయన వెళ్లిపోయిన కొన్నేళ్లకు మళ్లీ పిలిచి అదే బాధ్యత అప్పగించారు. అలాంటివారిని రప్పించడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు.

నిలవాలంటే కుర్చీకి భరోసా ఉండాలి. ఇందుకు ఆస్పత్రి కాకుండా విశ్వవిద్యాలయం ఉదాహరణ చూద్దాం. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి డి.ఎస్. రెడ్డిని మరో అయిదేళ్లకు నియమించారు. 1966లో ప్రభుత్వం చట్టం మార్చి ఆ పదవీకాలాన్ని మూడేళ్లకు కుదించింది. 90 రోజుల్లో కొత్తవారిని వేసేలా ఇంకో సెక్షనూ చేర్చింది. అది ఆయనొక్కరిని తప్పించడానికే పనికొస్తుందనీ, సమానత్వ హక్కుకు విరుద్ధమనీ 1967లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆయన 1969 దాకా కొనసాగారు.

ఆస్పత్రి పెద్దలకూ ఆ భరోసా కావాలని నా గట్టి నమ్మకం. పదవీకాలం ముందే తేల్చాలి. తగిన కారణం లేకుండా మధ్యలో కదపకూడదు. రెండో వరసలో ఉన్నవారికి మొదటిరోజు నుంచే పని నేర్పాలి. వెళ్లేవారు వచ్చేవారితో కొన్ని వారాలు కలిసి పనిచేసి, సగంలో ఉన్న ప్రతి పనినీ చేతికివ్వాలి.

మీ ఊరి ఆస్పత్రికి కొత్త సూపరింటెండెంటు వచ్చారని వింటే, ఆయన ఎవరని ఊరుకోకండి. ఎన్నేళ్లుంటారు, ఆయన తరవాత ఎవరు తయారవుతున్నారు అని కూడా అడగండి. అక్కడ వైద్యం చేయించుకునేది మనమే కాబట్టి అడిగే హక్కూ మనదే.